పెద్దమ్మ మొక్కు, పాస్టరయ్య వాటా

నేను బి.ఏ. పాసయ్యాను. ప్రయాణం గురించి రాస్తూ ఈ మాటతో మొదలుపెడితే మీరు నవ్వుతారేమో. కానీ ఇది చెప్పకపోతే నేను చంద్రపూర్ ఎందుకు వెళ్ళానో మీకు తెలియదు. మా ఇంట్లో ఇంతకుముందు పదో తరగతి దాటినవాళ్ళే లేరు. బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో మా వరుసంతా లడ్డూలు పంచడం అయిపోయాక, ఈ సంగతి చెప్పాల్సిన మనిషి ఒక్కరే మిగిలారు. మా అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ. పెళ్ళయ్యాక చంద్రపూర్ గనుల దగ్గరికి పోయి అక్కడే ఉండిపోయింది. ఉత్తరం రాద్దామంటే ఆ ఇంట్లో తెలుగు గడగడా చదివేవాళ్ళు లేరు. పెద్దమ్మకు చదువు రాదు, ఆమె కొడుకు మరాఠీ బడిలో చదివాడు. "నువ్వే పోయి జెప్పు పద్మా, నీ నోటితోని ఇంటది" అంది అమ్మ.

పోయేటప్పుడు నా దగ్గర ఒక డబ్బా లడ్డూలు, ఒక శుభవార్త ఉన్నాయి. వచ్చేటప్పుడు వాటి జాగాలో పెద్ద అయోమయం ఒకటి తెచ్చుకున్నాను. అది ఇంకా తీరలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

రైల్లో

కాగజ్‌నగర్ దాటాక పెట్టెలో మాటలు మారిపోతాయి. అప్పటిదాకా "ఏడికి పోతున్నవ్" అన్నవాళ్ళు దిగిపోతే, "కుఠే చాల్లీస్" అనేవాళ్ళు ఎక్కుతారు. నా ఎదురుగా చీర గోచీ పోసి కట్టిన ఒకామె కూర్చుంది. నాకొచ్చిన హిందీలో బి.ఏ. సంగతి చెప్పాను. ఆమె నా బుగ్గ గిల్లి, కొంగు ముడి విప్పి గుప్పెడు చివడా మిక్చర్ పెట్టింది. పక్కనున్న టోపీ పెద్దమనిషి మాత్రం, "ఇప్పుడు బి.ఏ.తో ఏమొస్తుందమ్మా, సర్కారు కొలువులు బందయితున్నయి, కంప్యూటర్ నేర్చుకో" అని హిందీలో సలహా ఇచ్చాడు. ఆయన మాటకు సాక్ష్యం చెబుతున్నట్టు, బల్లార్షా స్టేషన్ దుకాణంలో గోలీసోడాలను వెనక్కి నెట్టి కొత్త విదేశీ కూల్‌డ్రింక్ సీసాలు ముందు వరసలో నిలబడ్డాయి. ఒకటి కొనుక్కుందామని ధర అడిగి, చాయ్ తాగాను.

బాబుపేట్

చంద్రపూర్‌లో ఈ పేటలోనే పెద్దమ్మ ఇల్లు. ఇంటి ముందు జామచెట్టుకు నల్లమేకపోతు ఒకటి కట్టేసి ఉంది. దాన్ని చూసి, నేను పాసయిన సంగతి ముందే తెలిసిపోయి నాకోసం తెచ్చారనుకున్నాను. లోపలికి వెళ్తే పెద్దమ్మ పక్కన బట్టలు సర్దిన సంచి ఉంది.

"పెద్దమ్మా, నేను బి.ఏ. పాసయిన."

"మంచిగైంది బిడ్డా. దేవునోలె అచ్చినవ్. రేపో మాపో నీతోని బెల్లంపల్లి అస్త."

నా లడ్డూ చేతిలోనే ఉండిపోయింది. సంగతేమిటో మా వదినె సునీత వంటింట్లోకి పిలిచి చెప్పింది.

పోయిన ఏడాది గనిలో పైకప్పు కూలి పెద్దమ్మ కొడుకు శంకరన్న దాని కింద పడ్డాడు. పక్కనే పని చేస్తున్న మల్లేశ్ చనిపోయాడు. అన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పెద్దమ్మ పోచమ్మకు మొక్కింది. కొడుకు నడిచి ఇంటికొస్తే, వాడి చేత్తోనే మేకను పట్టుకొచ్చి ఇస్తానని. వదినె పుట్టింటివాళ్ళు బల్లార్‌పూర్‌లో ప్రార్థనకు పోయే మనుషులు. ఆమె అక్కడి పాస్టరయ్యను పిలిపించి మంచం పక్కన ప్రార్థన చేయించింది. అన్న లేచి నడిచాడు. ఇప్పుడు వచ్చే ఆదివారం వర్ధా నదిలో బాప్తిస్మం తీసుకుంటానంటున్నాడు, మేక తాడు పట్టనంటున్నాడు.

"తాడు పట్టకుంటె ఈ ఇంట్ల ఉండనని అత్తమ్మ సంచి సదిరింది" అంది వదినె. "నేను పొమ్మనాల్నా, ఉండుమనాల్నా, ఏం జెప్పాల్నో తెలుస్తలేదు. నువ్వన్న జెప్పు, సదువుకున్నదానివి."

నా డిగ్రీకి వచ్చిన మొదటి పని ఇదే.

గ్రంథం తెరిచాక

మర్నాడు పొద్దున అల్పాహారం అటుకులు. ఇక్కడ వాటిని పోహా అంటారు, పైన ఎర్రటి శనగల పులుసు పోసి ఇస్తారు. మా దగ్గర అటుకులంటే పాలో బెల్లమో. ఇవి తింటే చెవుల్లోంచి పొగ వచ్చింది. నేను నీళ్ళ కోసం తడుముకుంటుంటే వదినె తన బైబిలు గ్రంథం తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఆ ఇంట్లో దాన్ని ఎవరైనా బాగా చదివేది పాస్టరయ్య వచ్చినప్పుడే.

"బలుల సంగతి ఇండ్ల ఉన్నదట. సదివి అత్తమ్మకు జెప్పు, గవన్ని ఎప్పుడో ఒడ్సిపోయినయని."

నేను గొంతు సవరించుకున్నాను. చరిత్ర నా ముఖ్య విషయం, ప్రాచీన నాగరికతలు ఒక పేపరు. ఉత్సాహంగా మొదలుపెట్టాను. పాతకాలపు ఇశ్రాయేలు ప్రజలు దేవుడికి ఏమేం ఇచ్చేవాళ్ళు, ఎలా ఇచ్చేవాళ్ళు అన్నది పేజీల కొద్దీ ఉంది. కుంటిదీ గుడ్డిదీ పనికిరాదు, ఏ లోపమూ లేని జంతువే కావాలి. తెచ్చినవాడు దాని తలమీద చెయ్యి పెట్టాలి. నెత్తురు బలిపీఠం దగ్గర పోయాలి, దాన్ని తినకూడదు. ఒకరకం బలిలో జంతువునంతా కాల్చేస్తారు. ఇంకోరకంలో కొవ్వు మాత్రం కాల్చి, రొమ్ముభాగం, కుడి తొడ యాజకుడికిచ్చి, మిగిలింది ఇచ్చినవాడు ఇంటిల్లిపాదితో కూర్చుని తింటాడు. మొక్కుకున్నాక తీర్చాల్సిందే. మొక్కుబడి మాంసం మర్నాటికల్లా తినెయ్యాలి, మూడోనాటికి ఉంచకూడదు. పేదవాడు పావురాలు తెచ్చినా చాలు. అన్నిటికీ ఉప్పు ఉండాల్సిందే.

నేను చదువుతున్నకొద్దీ వదినె ముఖం చిన్నబోయింది. పెద్దమ్మ సంచి పక్కకు జరిపి దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఇగో, ఇది మన తీరే ఉన్నది గద. సునీతా, గిన్ని దినాలు జెప్పకపోతివేంది నాకు."

"గది పాతది అత్తమ్మా. తర్వాత ఒక్కడే అందరికోసం పానం ఇచ్చిండు. ఇగ మేకలు అద్దు."

"అద్దన్నది ఇంత పెద్దగ ఎందుకు రాసి పెట్టిండ్రు?"

వదినె నా వైపు చూసింది. పెద్దమ్మ కూడా చూసింది. నేను మా లెక్చరర్‌లాగా చేతులు ఊపుతూ, పాతకాలం వాళ్ళు దేవుడికి ఇచ్చుకునే కానుక అది అని చెప్పాను.

"కానుకంటె తీసుకునేటోడు ఉంచుకుంటడు. కాలేస్తె ఆయనకేం మిగిలింది?" అంది పెద్దమ్మ.

"వాసన."

"గంతేనా?"

గంతే అని రాసి ఉంది. అప్పుడు కానుక మాట వదిలేసి, అది మనిషి చేసిన తప్పుకు బదులు అన్నాను. మరి తప్పేమీ చెయ్యనివాడు, సంతోషం కొద్దీ ఇచ్చేవాడు ఎందుకు కొయ్యాలని వదినె అడిగింది. అయితే అది దేవుడితో కలిసి తినే విందు అన్నాను. దేవుడికి కొవ్వు, మనకు కూర, అదెట్లా కలిసి తినడమవుతుందని పెద్దమ్మ అడిగింది. పరీక్షలో అయితే మూడూ రాసి మార్కులు తెచ్చుకునేదాన్ని. ఇక్కడ ఒక్కదానికీ రాలేదు.

అంతసేపూ గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్న శంకరన్న అప్పుడు నోరు విప్పాడు.

"తల మీద చెయ్యి ఎందుకు పెడ్తరు?"

"ఇది నాది అని జెప్పుడు కావచ్చన్నా. లేకుంటె, నాకు బదులు ఇది అని."

"రెండిట్ల ఏది?"

"తెల్వదు."

అన్న బీడీ ఆర్పేసి తల్లివైపు తిరిగాడు. "బదులైతె నేను తాడు పట్ట ఆయీ. నా పక్కకున్న మల్లేశ్ పోయిండు, నేనున్న. నా బదులు ఆడు పోయిండా అని దినాం అదే పురుగు తొలుస్తది. ఇంకో పానం నా పేరు మీద అద్దు నాకు."

అప్పటిదాకా అందరం ఇది ప్రార్థనకూ పోచమ్మకూ మధ్య పంచాయితీ అనుకున్నాం. వదినె కూడా అలాగే అనుకుంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దమ్మ నేల మీద గీతలు గీసింది. "బదులని నేను మొక్కలే బిడ్డా" అంది. "మేకకు మనిషి బదులైతదా, మనిషికి మేక బదులైతదా. నువ్వు నడిసి ఇంటికస్తె వాడకట్టంత పిలిచి బువ్వ పెడతనన్న. మల్లేశ్ పెండ్లాన్ని, పిల్లల్ని ముంగట కూసుండబెడ్తనన్న. పోచమ్మ పేరు లేకుంట ఉత్తగనే ఎట్ల పిలుస్త, ఎవలస్తరు?"

అన్న వదినె వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తవ్" అంది ఆమె. "మొక్కినంక తీర్చాలన్నది గుడ పద్మ సదివింది గద ఇండ్లనే. పో."

ఆ గ్రంథం తెరిచింది మేకను ఆపడానికి. చివరికి అదే గ్రంథం చూపించి వదినె అన్నను మేకతో పంపించింది. నేను ఏ వైపు చదివానో నాకే తెలియలేదు.

పోచమ్మ దగ్గర

ఆ మధ్యాహ్నమే వెళ్ళాం. గుడి అంటే వేపచెట్టు కింద నడుమెత్తు గోడలు, లోపల పసుపు పూసిన రాయి. పక్కనే కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూత్ పసుపు రంగు అంతకంటే మెరుస్తోంది. ఇక్కడా మా బెల్లంపల్లి పద్ధతే. మేక మీద పసుపునీళ్ళు చల్లి, అది ఒళ్ళు దులిపేదాకా ఆగుతారు. దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఇశ్రాయేలు వాళ్ళు మేకను అడిగినట్టు ఎక్కడా రాసి లేదు. మనవాళ్ళు అడుగుతారు, కానీ వద్దని చెప్పే వీలు దానికి ఎంతవరకు ఉందో నాకు అనుమానమే.

నీళ్ళు చల్లారు. మేక అటూ ఇటూ చూసింది. ఇంకో చెంబు పోశారు. అది అన్న చొక్కా అంచు నమలడం మొదలుపెట్టింది. జనం గొణిగారు. చెవిలో నీళ్ళు పొయ్యమని ఒకాయన సలహా ఇస్తే, "దొంగ ఒప్పుకోలు నాకద్దు" అని పెద్దమ్మ కసిరింది.

శంకరన్నకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పోచమ్మకు దండం పెడితే ఆదివారం నదిలో దిగలేడు. ఊరికే నిలబడితే తల్లికి తలకొట్టేసినట్టు ఉంటుంది. కాసేపు తాడు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. తర్వాత, పొద్దున నేను చదివినట్టే, అరచెయ్యి మేక తలమీద పెట్టి ఆనించాడు. పోచమ్మ గుడి ముందు అలా చేసినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. అక్కడున్నవాళ్ళూ చూసినట్టు లేదు.

"ఏం జేస్తుండు, జ్వరం చూస్తుండా?" అన్నారెవరో.

అన్న పెదవులు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు. చెయ్యి తీశాడు. మేక తోక నుంచి చెవుల దాకా ఒళ్ళంతా దులిపింది. ఈగ వల్లనో, చేతి బరువు వల్లనో, ఎందుకో నాకు తెలియదు. డప్పు మోగింది. నేను చూడలేక వేపచెట్టు వైపు తిరిగాను.

సాయంత్రం ఎండ దిగకముందే వాకిట్లో బంతులు కూర్చున్నాయి. మల్లేశ్ భార్య, పిల్లలు మొదటి వరసలో. అన్నే వాళ్ళకు వడ్డించాడు. ఆమె వద్దంటున్నా మళ్ళీ వేశాడు. బియ్యం కడిగింది, కారం నూరింది, పొయ్యి దగ్గర చెమటలు కక్కింది అంతా సునీత వదినె. తినేటప్పుడు మాత్రం పప్పుచారు కలుపుకుంది. విగ్రహాల ముందు పెట్టింది ప్రార్థనకు పోయేవాళ్ళు తినరు. పెద్దమ్మ ఆమె పళ్ళెం చూసింది. లేచి పోయి, పక్కన దాచి ఉంచిన కుడి తొడకు ఉప్పూ పసుపూ పట్టించి, మోదుగాకుల్లో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది.

"పద్మా, ఇది రేప్పొద్దుగాల బల్లార్‌పూర్ల పాస్టరయ్యకు ఇచ్చి రా."

వదినె చేతిలో గంటె ఆగిపోయింది. "అత్తమ్మా, ఆయన తీసుకోడు."

"ఎందుకు తీసుకోడు? కుడి తొడ అయ్యగారిదని మీ పుస్తకంలనే ఉన్నది. నువ్వు తినకపోతివి. ఇంట్ల ఒక్కలు తినకున్న మొక్కు సగమే. నీ వాటా మీ అయ్యగారన్న తీసుకోవాలె." ఆమె డబ్బా మూత నొక్కింది. "తీసుకుంటె ఐతారం నేనొచ్చి నది ఒడ్డున కూసుంట. మర్లేసి పంపితె నా సంచి నేను తీసుకుంట. ఒకలు పెట్టింది ఇంకొకలు ముట్టని ఇంట్ల నేనెట్ల ఉండాలె?"

బల్లార్‌పూర్

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలమ్మ ముక్కు ఎగబీల్చి, "డబ్యాత్ కాయ్ ఆహే?" అంది. పాస్టర్ కోసం పోచమ్మ మాంసం అని హిందీలో చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి కిటికీ వైపు జరిగింది. పేపరు మిల్లు వాసన మొదలయ్యాక డబ్బా వాసన ఎవరికీ తెలియలేదు.

పాస్టరయ్యది కృష్ణా వైపు ఊరు. బక్కపలచటి మనిషి, వాకిట్లో సైకిల్ గొలుసుకు నూనె రాస్తున్నాడు. నేను చెప్పులు విడవకముందే బి.ఏ. పాసైన సంగతి చెప్పాను. ఆగలేక అదే ఊపులో మొక్కు, మల్లేశ్, గ్రంథం, వేపచెట్టు, అన్న చెయ్యి, కుడి తొడ, నది ఒడ్డు, పెద్దమ్మ సంచి, అన్నీ చెప్పేశాను. ఆయన నూనె చేతులు అలాగే పట్టుకుని విన్నాడు.

"అమ్మాయీ, ఇది ఎక్కడిదో చెప్పకుండా చేతిలో పెట్టి ఉంటే, నేనేమీ అడక్కుండా వండుకుని తినేవాణ్ణి. మాకు ఆ వీలుంది. ఎవరైనా ఇది ఫలానా దేవత ముందు పెట్టిందని చెప్పాక మాత్రం తినకూడదు. నువ్వు మొత్తం చెప్పావు."

నేను డబ్బా ఆయన ముందుకు చాపాను. "చెప్పనట్టు అనుకోండి."

ఆయన నవ్వాడు. ఆ వెంటనే నవ్వు ఆపేశాడు. "శంకర్ తలమీద చెయ్యి పెట్టాడా? ఎందుకట?"

"అడగలేదండీ. పుస్తకంలో కూడా ఎందుకో స్పష్టంగా లేదు."

"నాకూ అంత స్పష్టంగా లేదమ్మా. ఇన్నేళ్ళ నుంచి చెబుతూనే ఉన్నాను. ఆదివారం నీళ్ళలోకి దిగేముందు అడుగుతాలే."

అంటే ఆదివారం బాప్తిస్మం ఉన్నట్టే. కానీ డబ్బా ఇంకా నా చేతుల్లోనే ఉంది. దాన్ని ఎటు పెట్టాలో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. వాకిట్లో ఇద్దరం దానివైపే చూస్తున్నాం. లోపల్నుంచి ఆయన భార్య వచ్చి, "ఎండలో పెట్టుకుని చూస్తుంటే పాడైపోతుంది" అని డబ్బా లాక్కుపోయింది. పక్కింటి గోడ మీదుగా ఎవరినో పిలవడం వినిపించింది. మిల్లులో కూలికి పోయే మనుషులట, ఇంటినిండా పిల్లలట. నేను మజ్జిగ తాగడం పూర్తయ్యేసరికి గోడ అవతల తాలింపు వాసన వచ్చింది, పొయ్యి చుట్టూ మూగిన పిల్లలు కనిపించారు. ఆమె డబ్బా తోమి తుడిచి తెచ్చింది. ఎత్తితే బరువుగా ఉంది.

"వచ్చిన గిన్నె ఖాళీగా ఎలా పంపుతామమ్మా. ఈ ఏటి ఆవకాయ."

మళ్ళీ బాబుపేట్

పెద్దమ్మ గడప మీదే ఉంది. సంచి పక్కనే ఉంది. వదినె తలుపు చాటున నిలబడింది. అన్న డ్యూటీకి పోకుండా జామచెట్టు దగ్గర, కట్టడానికేమీ లేని తాడును చుట్ట చుడుతున్నాడు.

"తీసుకుండా?"

"తీసుకుండ్రు పెద్దమ్మా."

అక్కడితో ఆపితే అయిపోయేది. బల్లార్‌పూర్‌లో అంత జరిగాక కూడా నా నోరు ఆగలేదు. "తినలే. పక్కింటోల్లకిచ్చిండ్రు."

వదినె కళ్ళు మూసుకుంది.

"ఆల్లు తిన్నరా?" అంది పెద్దమ్మ.

"పొయ్యి మీద పెట్టిండ్రు. పిల్లలు గిన్నె సుట్టే తిరుగుతుండ్రు."

పెద్దమ్మ డబ్బా మూత తీసింది. వేలితో నూనె అద్దుకుని నాకి, ఘాటుకు కళ్ళు చికిలించింది. "ఇంకేంది మరి. పోచమ్మ మాత్రం ఏనాడన్న ముక్క నోట్లె పెట్టుకున్నదా? ఆమె పేరు జెప్పి మనం తింటం. ఈయన పేరు జెప్పి ఆల్లు తిన్నరు."

తన పాస్టరయ్యను పెద్దమ్మ తీసుకెళ్ళి పోచమ్మ పక్కన కూర్చోబెట్టినందుకు వదినె ఏడవాలో నవ్వాలో తెలియక డబ్బా అందుకుని లోపలికి పోయింది. దేవుడికి బలి అంటే ఏమిటో నేను చెప్పిన మూడు అర్థాల్లో ఇది ఏదో ఒకటై ఉండాలి. ఏదో మాత్రం ఇప్పటికీ తేలలేదు. మా లెక్చరర్‌ను అడగాలి.

పెద్దమ్మ సంచి ముడి విప్పి, పైనున్న చీర తీసి దులిపింది.

"ఐతారం నది కాడ అయినంక తినేటందుకేం పెడ్తరే సునీతా?"

"చాయ్, బిస్కిట్ అత్తమ్మా."

"గంత పెద్ద పనికి గంతేనా? ఎంతమంది అస్తరో అడిగి జెప్పు. బియ్యం నానబెడ్త."